తిరిగి రాని ప్రేమ: ఎదురుచూపును ఆపుకోవడం ఎలా

"తీరిక దొరికాక మాట్లాడదాం." ఈ మూడు మాటలను పట్టుకొని నేను నాలుగు నెలలు గడిపాను. మనసులోని మాటను ఒక సాయంత్రం సందేశంగా రాసి పంపితే, మర్నాడు మధ్యాహ్నం వచ్చిన జవాబు అది. అందులో ఒప్పుకోలు లేదు, నిరాకరణా లేదు. "దొరికాక" అన్న పదం చివర ఉన్న "ఆక" మాత్రం ఉంది. ఎంత కాలాన్నయినా తనలో ఇముడ్చుకోగల ప్రత్యయం అది. వాన వెలిశాక అంటే అరగంట కావచ్చు, పిల్లలు పెద్దయ్యాక అంటే ఇరవై ఏళ్లు కావచ్చు. నేను దాన్ని మొదట వారం అనుకున్నాను, తర్వాత నెల అనుకున్నాను, ఆపైన లెక్క మానేసి ఊరికే ఎదురుచూస్తూ ఉండిపోయాను. ఆ మనిషి నాకు ఏ మాటా ఇవ్వలేదని, ఇచ్చినట్టు నేనే అనుకున్నానని అర్థమయ్యేసరికి నిద్ర, చదువు, స్నేహాలు అన్నీ చెదిరిపోయాయి.

ఇలాంటి స్థితిలో ఉన్నవారికి అందరూ చెప్పే సలహా ఒక్కటే: మరిచిపో. ఈ సలహా ఎంత మంచి మనసుతో ఇచ్చినా ఆచరణకు పనికిరాదు, ఎందుకంటే మరిచిపోవడం మనం పూనుకొని చేయగల పని కాదు. ప్రేమను తీసేయడం కూడా మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఎదురుచూపు. ఆ మనిషి ఏదో ఒక రోజు మనవైపు తిరుగుతారన్న ఆశను ప్రతి రోజూ చిన్న చిన్న పనులతో మనమే బతికిస్తూ ఉంటాం, ఆ పనులను ఒక్కొక్కటిగా గుర్తించి ఆపగలం. ఈ వ్యాసం ఆ పనుల గురించే.

ముందుగా జవాబు తెలుసుకోండి

మీ మనసులోని మాట అవతలివారికి ఇంతవరకు చెప్పకపోయి ఉంటే, మీకు తెలియని జవాబు కోసం మీరు దుఃఖిస్తున్నారు. అలాంటి దుఃఖానికి అంతు ఉండదు. కాబట్టి, చెప్పడానికి తగిన సంబంధమే అయితే, ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. వివాహబంధంలో ఉన్నవారు, మీ కింద పనిచేసేవారు, మీ దగ్గర చదువుకునేవారు అయితే చెప్పకూడదు. అక్కడ జవాబు ముందే తెలిసినట్టు భావించి తర్వాతి భాగానికి వెళ్లిపోండి.

చెప్పే మాట చిన్నదిగా ఉండాలి. "నాకు మీరంటే ప్రేమ కలిగింది. మీకు అలాంటి భావం లేకపోతే నేరుగా చెప్పండి, నేను మళ్లీ అడగను." ఇంతకన్నా ఎక్కువ అవసరం లేదు. పది పేజీల ఉత్తరం, కానుక, స్నేహితుల ద్వారా రాయబారం, నలుగురి ముందు ప్రకటన, ఇవన్నీ అవతలి మనిషికి కాదనడాన్ని కష్టం చేస్తాయి. కాదనడం కష్టమైనచోట వచ్చే జవాబు అస్పష్టంగా ఉంటుంది, ఆ అస్పష్టతే తర్వాత మిమ్మల్ని నెలల తరబడి వేధిస్తుంది. కాదనే తలుపు బార్లా తెరిచి ఉంచడం అవతలివారికి మర్యాద, మీకు రక్షణ.

ఇక వచ్చిన జవాబును చదవడం. దీనికి నేను ఎంతో ఆలస్యంగా నేర్చుకున్న నియమం ఒకటుంది. స్పష్టమైన అవును తప్ప మిగిలినవన్నీ కాదు అనే తీసుకోవాలి. "చూద్దాంలే", "ఇప్పుడు ఆ ఆలోచన లేదు", "మీలాంటివారు దొరకడం ఎవరికైనా అదృష్టమే", చదివి కూడా జవాబివ్వని మౌనం, వీటన్నిటికీ అర్థం ఒకటే. ఎదుటి మనిషి మొహం మీద కాదనడం చాలామందికి చేతకాదు, అందుకే మాటను మెత్తగా చుట్టి ఇస్తారు. మీరు ఆ మెత్తదనాన్ని పట్టుకొని లోపలి గింజను వదిలేస్తే తప్పు వారిది కాదు. ఒకవేళ వారికి నిజంగానే సమయం అవసరమైతే, సమయం తీసుకొని వారే వచ్చి చెబుతారు. మీరు వాకిట్లో నిలబడి ఉండాల్సిన పని లేదు.

రెండోసారి అడగవద్దు. ఓపికగా వెంట తిరిగితే కరగని మనసు ఉండదన్న నమ్మకం మనలో చాలామందికి చిన్నప్పటినుంచీ కథల ద్వారా అలవాటైంది, ఆ నమ్మకం ఎంతో హాని చేసింది. వెంట తిరిగేవారికి అది పట్టుదలగా కనిపిస్తుంది, వెంటపడబడేవారికి భయంగా మారుతుంది. కాదన్నాక వారి ఇంటి దారిలో ఎదురుపడటం, కొత్త నంబరు నుంచి సందేశం పంపడం, వారి స్నేహితులను బతిమాలడం వేధింపు కిందికే వస్తాయి. ఈ విషయంలో మినహాయింపు లేదు.

ఇంత నొప్పి ఎందుకు

మొదలు కానే లేని బంధం కోసం ఇంత విలవిలలాడటం ఏమిటని మీరు మిమ్మల్నే తిట్టుకుంటూ ఉండవచ్చు. ఆ తిట్టు ఆపడానికి కొన్ని సంగతులు తెలియడం మంచిది.

2010లో హెలెన్ ఫిషర్, ఆమె సహపరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రేమించినవారు వదిలి వెళ్లినా ఇంకా గాఢంగా ప్రేమిస్తూనే ఉన్న 15 మంది యువతీ యువకులకు ఆ వ్యక్తుల ఫోటోలు చూపించి, అదే సమయంలో వారి మెదడును స్కాన్ చేశారు. బహుమతి కోసం ఆరాటపడేటప్పుడు, మాదక ద్రవ్యం కోసం తపించేటప్పుడు పనిచేసే భాగాలు ఆ ఫోటోను చూడగానే చురుకయ్యాయి. ఆ మరుసటి ఏడాది, అంటే 2011లో, ఈథన్ క్రాస్ బృందం 40 మందితో మరో ప్రయోగం చేసింది. తమ ప్రమేయం లేకుండా బంధం తెగిపోయినవారికి ఒకసారి ఆ మనిషి ఫోటో చూపించారు, మరోసారి ముంజేతికి నొప్పి కలిగేంత వేడి తగిలించారు. రెండు సందర్భాల్లోనూ శరీరపు నొప్పిని గ్రహించే కొన్ని మెదడు భాగాలు చురుకయ్యాయి. ఈ రెండు పరీక్షల్లోనూ పాల్గొన్నవారు ఒకప్పుడు బంధంలో ఉన్నవారే గానీ మొదటినుంచీ ఒకవైపే ప్రేమించినవారు కాదు. అయినా గుండెలో మంట, కడుపులో తిప్పు అని మనం చెప్పుకొనేవి వట్టి అలంకారాలు కావని అర్థం చేసుకోవడానికి అవి చాలు. ఫిషర్ అధ్యయనంలోనే మరో సంగతి కూడా కనిపించింది. విడిపోయి రోజులు గడిచినకొద్దీ, అనుబంధానికి సంబంధించిన ఒక మెదడు భాగంలో చురుకుదనం తగ్గుతూ వచ్చింది. కాలం పనిచేస్తుంది, దాన్ని మనం పనిచేయనివ్వాలి.

ఎలా పనిచేయనివ్వాలన్నదానికి నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన ఆలోచన డొరొతీ టెనావ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తది. ఒక మనిషి గురించిన తలపు రోజంతా వదలకుండా వెంటాడే ఈ స్థితిని ఆమె 1979లో వెలువడిన తన పుస్తకంలో "లిమరెన్స్" అన్నారు. ఆ స్థితి నిలబడటానికి ఆశ, అనిశ్చితి రెండూ కావాలని ఆమె గమనించారు. పూర్తిగా అవునన్నా అది శాంతిస్తుంది, పూర్తిగా కాదని నమ్మకం కుదిరినా శాంతిస్తుంది, మధ్యలో ఊగుతున్నంత కాలం మండుతూనే ఉంటుంది. అది ముగిసే దారులు ఆమె లెక్కలో మూడు: ప్రేమ తిరిగి రావడం, ఆశకు మేత లేక అది పస్తులతో నీరసించిపోవడం, మరొకరి మీదికి మళ్లడం. మొదటిది మన చేతిలో లేదు, మూడోది బలవంతంగా జరిగేది కాదు. కనుక మనకు మిగిలింది రెండోదే.

ఆశకు మేత ఆపడం

ఆశ ఏం తిని బతుకుతుందో చూడండి. ఆ మనిషి పేరు పక్కన "ఆన్‌లైన్" అన్న మాట వెలగడం, మీరు పెట్టిన ఫోటోను చూసినవారి జాబితాలో ఆ పేరు కనిపించడం, గుంపులో అందరికీ చెప్పిన ధన్యవాదం, దారిలో ఎదురైనప్పుడు నవ్విన నవ్వు. ఇవేవీ మీ కోసం ప్రత్యేకంగా వచ్చినవి కావు. కానీ ఎప్పుడు వస్తాయో తెలియకుండా అప్పుడప్పుడు వస్తాయి, వాటి బలమంతా అక్కడే ఉంది. 1950లలో ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పావురాలతో చేసిన ప్రయోగాల్లో, మీటను పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం, గింజలు రావడం ఆగిపోయాక త్వరగానే పొడవడం మానేసింది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా గింజలు తిన్న పావురం మాత్రం చాలాసేపు వదలకుండా పొడుస్తూనే ఉంది. రాత్రి పడుకునే ముందు ఫోన్ తీసి ఆ మనిషి చివరిసారి ఎప్పుడు కనిపించారో చూసి, పక్కన పెట్టి, ఐదు నిమిషాల్లో మళ్లీ తీసి చూసే చేతికి ఈ పావురం సంగతి బాగా తెలుసు.

అందువల్ల తగ్గించడం కన్నా ఆపడమే తేలిక. రోజుకు ఒక్కసారే చూస్తానని నియమం పెట్టుకొంటే ఆ ఒక్కసారి కోసం ఇరవై మూడు గంటలు ఎదురుచూస్తారు. సామాజిక మాధ్యమాల్లో ఆ ఖాతా మీకు కనబడకుండా చేయండి. పాత సంభాషణను తుడిచేయడానికి మనసొప్పకపోతే, ఒక ప్రతిని దాచి నమ్మకమైన మనిషికి ఇచ్చి, ఫోన్‌లో ఉన్నది తీసేయండి. ఫోటోలకూ అదే పద్ధతి. ఉమ్మడి స్నేహితుల్లో ఒకరిద్దరికి మాత్రం చెప్పండి: "ఆ మనిషి కబుర్లు కొన్నాళ్లు నాకు చెప్పవద్దు, నేను అడిగినా చెప్పవద్దు." ఈ రెండో భాగం ముఖ్యం, ఎందుకంటే మీరు తప్పకుండా అడుగుతారు.

ఇదంతా మొదలుపెట్టిన తొలి రెండు మూడు వారాల్లో తపన తగ్గకపోగా పెరగవచ్చు. గింజలు ఆగిపోయిన పావురం కూడా చాలాసార్లు మొదట మరింత గట్టిగా, మరింత వేగంగా పొడుస్తుంది. దాన్ని మీరు "దూరంగా ఉంటే నా ప్రేమ ఎంత నిజమో తెలిసొచ్చింది" అని అర్థం చేసుకొనే ప్రమాదం ఉంది. చాలామంది సరిగ్గా ఇక్కడే వెనక్కి వెళ్లిపోతారు. ఆ పెరుగుదల, మేత నిజంగానే ఆగిందనడానికి గుర్తు. ఒక వారం ఓర్చుకోండి, తర్వాత మరో వారం.

రోజూ ఎదురుపడక తప్పని పరిస్థితి ఉన్నవారి కష్టం వేరు. ఒకే కార్యాలయం, ఒకే తరగతి, ఒకే భవనం అయితే పూర్తి దూరం కుదరదు. అప్పుడు ఆపాల్సింది చూపును. వారు ఎక్కడ కూర్చున్నారో వెతకడం, వారు బయలుదేరే సమయానికి బయలుదేరడం, వారికి వినబడేలా మరొకరితో గట్టిగా నవ్వడం, ఇవన్నీ మేత వేయడమే. కుర్చీ మార్చుకోగలిగితే మార్చుకోండి, బయలుదేరే వేళ పది నిమిషాలు జరపండి, పని మాటలు పని వరకే మాట్లాడండి. ముభావం అవసరం లేదు. మొహం తిప్పుకోవడం కూడా ఒక రకమైన సందేశమే, దానికీ జవాబు వస్తుందేమోనని మనసు చూస్తూ ఉంటుంది.

"స్నేహితులుగా ఉందాం" అన్న మాట వచ్చినప్పుడు ఏం చేయాలి? నన్ను నేను పరీక్షించుకోవడానికి వాడిన ప్రశ్న ఇది: రేపు ఆ మనిషి నా పక్కన కూర్చొని, తాను మరొకరిని ప్రేమిస్తున్న సంగతి సంతోషంగా చెబితే, ఆ సంతోషంలో పాలుపంచుకోగలనా? లేదన్నదే జవాబైతే అది స్నేహం కాదు, స్నేహం పేరుతో క్యూలో నిలబడటం. ఆ విషయం దాచి స్నేహానికి ఒప్పుకోవడం వారిని మోసం చేయడమే అవుతుంది. అప్పుడు ఇలా చెప్పవచ్చు: "నీ మీద నాకు కోపం లేదు. కానీ ఇప్పుడు నీతో స్నేహంగా ఉంటే నేను లోపల ఎదురుచూస్తూనే ఉంటాను. అందుకని కొన్నాళ్లు దూరంగా ఉంటాను." ఒక్కసారి చెప్పి, దూరంగా ఉండండి. దూరమవుతున్నానని పదేపదే ప్రకటించడం దగ్గరకు రమ్మని పిలవడమే.

ఎడమ పేజీ, కుడి పేజీ

బయటి మేత ఆపినా లోపలి నిల్వలు ఉంటాయి. జ్ఞాపకాలను తోసేయాలని చూస్తే అవి రెట్టింపు బలంతో తిరిగివస్తాయి. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని, తలపుకు వచ్చినప్పుడల్లా గంట కొట్టమని కోరింది. వారు గంట కొడుతూనే ఉన్నారు. ఆ తర్వాత ఆలోచించడానికి అనుమతి ఇస్తే, మొదటినుంచీ ఆలోచించమని చెప్పినవారికన్నా వీరికే ఆ తలపు ఎక్కువగా వచ్చింది. కాబట్టి తలపు వచ్చినప్పుడు దానితో కుస్తీ పట్టవద్దు. దానికి రోజులో ఒక వేళ కేటాయించి, ఆ వేళకు కాగితం మీద పెట్టండి.

జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన పరిశోధనలో, తమను బాగా కలచివేసిన సంగతిని, దాని గురించిన భావాలను వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాసిన విద్యార్థులు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. అయితే రాసిన వెంటనే వారి మనసు తేలికపడలేదు, బరువెక్కింది. మీకూ అలాగే జరగవచ్చు. రాయడం మొదలుపెట్టిన తొలి రోజునే తీర్పు ఇవ్వకండి.

నేను రాసిన పద్ధతి ఇక్కడ వివరంగా చెబుతాను, ఎందుకంటే నన్ను ఒడ్డున పడేసింది అదే. ఒక గీతల నోటుపుస్తకం తెరిచి, ఎడమ పేజీలో జరిగినవి మాత్రమే రాశాను. పక్కన నిలబడి చూసిన అపరిచితుడు కూడా ఒప్పుకోగలిగే సంగతులే అక్కడికి రావాలి. కుడి పేజీలో వాటికి నేను ఇచ్చిన అర్థాలు రాశాను. ఎడమవైపు: "నేను తెచ్చిన పుస్తకం తీసుకొని థాంక్స్ అన్నారు." కుడివైపు: "తిరిగి ఇవ్వడానికి మళ్లీ కలవాలనే తీసుకున్నారు, లేకపోతే వద్దనేవారు కదా." ఎడమవైపు: "నా సందేశానికి రెండు రోజుల తర్వాత జవాబిచ్చారు." కుడివైపు: "ఏం రాయాలో తెలియక రెండు రోజులు ఆలోచించి ఉంటారు." ఎడమవైపు: "వర్షంలో నన్ను చూసి గొడుగు కిందికి రమ్మన్నారు." కుడివైపు ఒక పేజీ నిండి తర్వాతి పేజీలోకి వెళ్లింది. చివరికి లెక్కపెడితే ఏడాదిన్నర పరిచయానికి ఎడమవైపు తొమ్మిది వాక్యాలు తేలాయి. కుడివైపు పదిహేడు పేజీలు ఉన్నాయి.

ఆ పుస్తకం ముందు కూర్చొని చాలాసేపు ఏడ్చాను. ఆ మనిషి నన్ను మోసం చేయలేదని అప్పుడు తెలిసింది. నేను కోల్పోయింది ఆ పదిహేడు పేజీలను. వాటిని రాసింది నేను కాబట్టి అవి నాకు అంత ప్రియమైనవి. కుడి పేజీలను చదువుతూ, ఇందులో నేను అసలు కోరుకున్నది ఏమిటని ప్రతి వాక్యం దగ్గర అడగండి. నా విషయంలో చాలాచోట్ల జవాబు ఒకటే వచ్చింది: నేను చెప్పేది ఎవరైనా శ్రద్ధగా వినడం. ఆ కోరిక న్యాయమైనది, దాన్ని తీర్చగలవారు ఆ ఒక్క మనిషే అన్న అంచనా మాత్రం తప్పు.

అవతలి వ్యక్తి లోపాల జాబితా రాయమని కొందరు సలహా ఇస్తారు. 2018లో వెలువడిన లాంగెస్లాగ్, సాంచెజ్‌ల అధ్యయనంలో, విడిపోయినవారి చెడు లక్షణాలను తలుచుకోవడం ప్రేమ భావాన్ని కొంత తగ్గించింది గానీ మనసును మరింత చేదు చేసింది. మనసును వేరే సంగతుల మీదికి మళ్లించడం ప్రేమను తగ్గించకపోయినా ఆ కాసేపు ఊరటనిచ్చింది. నా అభిప్రాయంలో, ఊహలో దేవుడిని చేసుకున్న మనిషిని మామూలు మనిషిగా చూడటం వరకు ఈ జాబితా పనికొస్తుంది. అక్కడితో ఆపండి. ద్వేషం కూడా ఆ మనిషి చుట్టూనే తిరుగుతుంది, అదీ ఎదురుచూపే.

ఎవరూ పరామర్శించని దుఃఖం

మనిషి పోతే నలుగురూ వస్తారు. పెళ్లి పెటాకులైతే కనీసం జాలిపడతారు. అసలు మొదలే కాని ప్రేమ పోతే ఎవరూ రారు. సమాజం గుర్తించని, బాహాటంగా ఏడ్చే హక్కు ఇవ్వని ఇలాంటి దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1980ల చివర్లో విస్తృతంగా రాశారు. గుర్తింపు లేనంత మాత్రాన దుఃఖం చిన్నది కాదు. మీరు పోగొట్టుకున్నది ఒక భవిష్యత్తును. ఆ మనిషితో కలిసి వెళ్లాలనుకున్న ప్రయాణాలు, మాట్లాడాలనుకున్న మాటలు, ఉండాలనుకున్న ఇల్లు, ఇవి బయట ఎక్కడా లేకపోయినా మీలో నిజంగానే ఉండేవి. వాటికోసం ఏడవండి. ఒక్క మనిషికి, సలహాలివ్వకుండా వినగలిగే ఒక్కరికి, మొత్తం కథ చెప్పండి. మా అక్కకు చెప్పిన రోజు ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి, "ఇన్నాళ్లూ ఒక్కడివే ఎలా మోశావురా?" అని మాత్రం అడిగింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత తెల్లవారేదాకా నిద్రపోయాను.

శరీరాన్ని నిర్లక్ష్యం చేయవద్దు. ఒకే వేళకు పడుకోవడం, ఆకలి లేకపోయినా వేళకు కొంచెం తినడం, రోజూ అరగంట నడవడం, ఇవి తప్పనిసరి. ఫోన్‌ను పడకగదికి బయట పెట్టండి. రాత్రి పన్నెండు దాటాక రాసిన ఏ సందేశాన్నీ పంపవద్దు.

రెండు వారాలకు పైగా నిద్ర, తిండి, పని మూడూ దెబ్బతింటే వైద్యులను గానీ మానసిక ఆరోగ్య నిపుణులను గానీ కలవండి. చనిపోవాలన్న ఆలోచన, ఆ మనిషికి హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగవద్దు. ఆ క్షణమే ఇంట్లోవారికో స్నేహితుడికో ఫోన్ చేసి ఒంటరిగా ఉండకుండా చూసుకోండి, అత్యవసర సహాయ నంబరుకు ఫోన్ చేయండి. ఎంత చిన్న మాటతోనైనా సరే, "నాకు భయంగా ఉంది, రా" అంటే చాలు.

అవతలి మనిషి వైపు నుంచి

1993లో రాయ్ బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు తిరిగి రాని ప్రేమ కథను రెండు వైపుల నుంచీ రాయించి పోల్చి చూశారు. ప్రేమించినవారు తమ కథల్లో, అవతలివారికీ ఇష్టం ఉందని, తమను ఆశపెట్టారని, స్పష్టంగా కాదని చెప్పలేదని రాశారు. ప్రేమించబడినవారు మాత్రం తాము ఆశపెట్టలేదని, చెప్పినా అవతలివారు వినలేదని రాశారు. మరో విశేషం ఏమిటంటే, ప్రేమించినవారి జ్ఞాపకాల్లో బాధతో పాటు తీపి కూడా మిగిలింది. కాదన్నవారి జ్ఞాపకాల్లో అపరాధ భావన, ఇబ్బంది, చిరాకు తప్ప తీపి పెద్దగా లేదు. అడగకుండా చేతిలో పెట్టిన బరువును కింద పెట్టలేక, మోయలేక వారు కూడా నలిగిపోతారు.

ఇది చదివాక "నన్నెందుకు కాదన్నారో ఒక్కసారి చెబితే చాలు, నా మనసు కుదుటపడుతుంది" అని అడగాలన్న నా కోరిక తగ్గింది. కారణం చెప్పాల్సిన బాధ్యత వారికి లేదు. చాలాసార్లు కారణం ఉండదు కూడా. ఒకరి మీద ఎందుకు మనసు పడ్డామో మనమే చెప్పలేనప్పుడు, ఎందుకు పడలేదో వారు మాత్రం ఏం చెబుతారు? ఆఖరి సమావేశం, ఆఖరి ఉత్తరం, ఆఖరి ఫోన్ అన్నవన్నీ రెండోసారి అడగడానికి మనం పెట్టుకున్న మారుపేర్లు. ఆ ఉత్తరం రాయండి, పంపకుండా మీ దగ్గరే ఉంచుకోండి.

మళ్లీ జారినప్పుడు

జారతారు. ఏదో ఒక రాత్రి ఆ ఖాతా తెరిచి చూస్తారు, లేదా "ఎలా ఉన్నారు" అని పంపేస్తారు. అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే: మొదటి సందేశాన్ని వివరించడానికి రెండో సందేశం పంపకుండా ఉండటం. మర్నాటి నుంచి నియమం యథాతథంగా సాగుతుంది. గడిచిన రోజులు వృథా కావు.

ఇంకా గుర్తొస్తున్నారు కదా అని నిరుత్సాహపడవద్దు. గుర్తు రావడం కొలమానం కాదు. ఏదైనా మంచి వార్త వినగానే మొదట చెప్పాలనిపించే మనిషి మారారా, కొత్త బట్టలు వేసుకున్నప్పుడు వారు చూస్తారన్న తలపు లేకుండా అద్దం ముందు నిలబడగలుగుతున్నారా, వారి పేరు వినబడినప్పుడు చెబుతున్న వాక్యాన్ని పూర్తి చేయగలుగుతున్నారా, ఇలాంటివి చూసుకోండి. ఇవి ఒకదాని వెనక ఒకటి, మీరు గమనించకుండానే వస్తాయి.

కొన్ని నెలలకో ఏడాదికో అటునుంచే ఒక పలకరింపు రావచ్చు. వెంటనే జవాబివ్వవద్దు. ఒక పూట ఆగి, నోటుపుస్తకం తెరవండి, ఎడమ పేజీలో ఏం రాయాలో, కుడి పేజీలో ఏం రాయబోతున్నారో చూసుకోండి. కుడి పేజీ ఇంకా నిండుతుంటే జవాబును మరో నెల వాయిదా వేయండి, లేదా ఇవ్వకండి.

నాకు అలాంటి సందేశం పద్నాలుగు నెలల తర్వాత వచ్చింది. అప్పుడెప్పుడో తీసుకున్న పుస్తకం ఇంకా తమ దగ్గరే ఉందని, ఎక్కడికి పంపమంటారని అడిగారు. ఎడమ పేజీలో "పుస్తకం ఎక్కడికి పంపాలో అడిగారు" అని రాశాను. కుడి పేజీ మీద కలం పెట్టి కాసేపు కూర్చున్నాను, రాయడానికి ఏమీ తోచలేదు. చిరునామా పంపించి, పొయ్యి మీద పెట్టి వచ్చిన పాలు గుర్తొచ్చి లోపలికి వెళ్లాను.